పగలని పొయ్యిలు

మనూర్ నుంచి నారాయణఖేడ్ దాకా ఏ ఊళ్లో ఆగి మంచి మట్టిపొయ్యి ఎవరు చేస్తారని అడిగినా మొన్నమొన్నటి వరకు ఒకటే పేరు చెప్పేవారు. కాశమ్మ. చెప్పి ఊరుకునేవారా అంటే అదీ లేదు. మా ఇంట్లో ఉన్నది ఆమె పెట్టిన పొయ్యే, తొమ్మిదేళ్లయింది, ఒక్క బీట ఉందేమో చూడండి అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లేవారు. ఇప్పుడు ఆ పేరెత్తితే చాలు, అడిగినవాణ్ని ఎగాదిగా చూసి తలుపు దగ్గరగా వేసుకుంటున్నారు.

కాశమ్మకు అరవై దాటాయి. పొట్టి మనిషి, ఎండకు నలిగిన ఒళ్లు. బొటనవేళ్లు మాత్రం ఆ ఒంటికి సరిపోనంత వెడల్పు. మట్టి మెదిపి మెదిపి అలా అయ్యాయి. భర్త భూమన్న జ్వరంతో పోయి పదిహేనేళ్లు. పిల్లలు పుట్టలేదు. చెల్లెలు పురిట్లోనే పోతే, ఆమె బిడ్డ తిరుమలను తొమ్మిదో రోజున కొంగులో చుట్టుకుని తెచ్చుకుంది. ఆవుపాలు పోసి, తన అన్నం పెట్టి పెంచింది. మూడేళ్ల క్రితం కంగ్టి వైపు ఒక ఊరికి పెళ్లి చేసి పంపింది. పంపిన రోజు నుంచి ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. పొద్దున లేచి ఆమె మొదట మాట్లాడేది నానబెట్టిన మట్టితోనే.

గ్యాసు వచ్చాక ఇంకా మట్టిపొయ్యి ఎవరికి కావాలని పట్నం వాళ్లు అడుగుతారు. వాళ్లకు జొన్నరొట్టె సంగతి తెలియదు పాపం. ఈ వైపు ఇళ్లలో చాయ్‌కి గ్యాసు, రొట్టెకు పొయ్యి. గ్యాసు మీద రొట్టె కాలుతుంది గానీ పొంగదు, పొంగినా అందులో కట్టెల వాసన ఉండదు. ఏరుపడి కొత్త కాపురం పెట్టే ప్రతి కోడలూ ముందు పొయ్యి పెట్టించుకుంటుంది. కాశమ్మ పిలిచిన ఇంటికి మట్టి మోసుకెళ్లి, అక్కడే పొయ్యి వేసి, దాని నొసట బొటనవేలితో మూడు గుంటలు నొక్కేది. పసుపు కుంకుమ పెట్టుకోవడానికి అవి. నాలుగో రోజు ఆరాక మళ్లీ వెళ్లి తానే నిప్పు వెలిగించేది. ఆ పొయ్యి మీద కాలిన మొదటి రొట్టె కాశమ్మది. ఇంటావిడ దాన్ని పెంక మీద నుంచి తీసి వేడివేడిగా ఆమె చేతిలో పెట్టాలి. కూలి వేరు, ఇది వేరు. ఇది ఆమె మర్యాద.

ఈ పేరు ఊరికే రాలేదు. భూమన్న పోయాక బతుకుతెరువు కోసం పొయ్యిలు మొదలుపెడితే, మొదటి మూడేళ్లూ వేసినవి వేసినట్టే పగిలాయి. నల్లరేగడి మట్టి ఆరితే నోరు తెరుస్తుంది కదా. ఊక కలిపింది, పేడ కలిపింది, ఎర్రమట్టి కలిపింది. ఏం చేసినా పండుగ నాటికి పొయ్యి రెండు చెక్కలయ్యేది. అలాంటి రోజుల్లో ఒకసారి కట్టెల కోసం గుట్ట వెనక్కి పోయింది.

గుట్ట వెనుక పాత పరిశోధన కేంద్రం ఒకటి ఉంది. దాని అసలు పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో రాళ్లు తెచ్చి, నూరి, వాటిలోంచి ఏదో తీసేవారు కాబట్టి అందరూ రాళ్ల ఆఫీసు అన్నారు. అణుశక్తి అనే మాట బోర్డు మీద ఉండేదట. రాళ్లు దించే కూలీల్లో బోర్డు చదివేవాడు ఒక్కడూ లేడు. భూమన్న కూడా ఆ కూలీల్లో ఒకడే. తర్వాత అది మూతపడింది. గేటుకు తాళం పడింది. కొన్నాళ్లకు తాళం మిగిలి గేటు పోయింది. నూరి పారబోసిన మట్టి మాత్రం వెనకాల దిబ్బగా ఉండిపోయింది. పైన కప్పిన మొరం వానలకు కొట్టుకుపోయింది. పోయేవాళ్లు పోతూ పోతూ ఆ దిబ్బ జోలికి వెళ్లకండని ఒక్క మాట చెప్పి పోతే వాళ్ల సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మట్టి పిండిలా మెత్తగా ఉంది. రాయి లేదు, గడ్డ లేదు. గుప్పెడు తెచ్చి రేగడిలో కలిపి చూసింది. ఆ పొయ్యి పగల్లేదు. ఏడాదయినా పగల్లేదు. కాశమ్మ ఎంత సంతోషపడిందో చెప్పడానికి ఆ ఇంట్లో పదేళ్ల తిరుమల తప్ప ఎవరూ లేరు. ఆ రోజు నుంచి పన్నెండేళ్లు, పొయ్యి పని వచ్చినప్పుడల్లా తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లి గోనెసంచిలో ఒక మోపు మోసుకొచ్చేది. ఒక మోపు రెండు పొయ్యిలకు వచ్చేది. ఎక్కడిదని ఎవరడిగినా వాగు మట్టి అని చెప్పేది. చేతిపని చేసేవాళ్లందరూ అంతే. కూర వండి పెడతారు గానీ మసాలా చెప్పరు.

పోయిన చలికాలం ఆ దిబ్బ దగ్గరికి ఒక జీపు వచ్చింది. మూతపడ్డ పాత కేంద్రాల చుట్టూ ఏం మిగిలిందో కొలవమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. జీపులో వచ్చినవాళ్లకు పై అధికారి స్వరూపరాణి, సంగారెడ్డి పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో టిఫిన్ డబ్బా అంత మిషన్, అణుధార్మికత ఉన్నచోట మోగేది. రెండు రోజులు దిబ్బ చుట్టూ తిరిగి, మూడో రోజు ఊళ్లోకి వచ్చి, కాశమ్మ ఎదురింటి సంగప్ప ఇంట్లో మంచినీళ్లు అడిగింది. మిషన్ ఆపడం మరిచిపోయింది. నీళ్ల బిందె వంటగదిలో, పొయ్యి పక్కన ఉంది. మిషన్ గోలగోలగా మోగడం మొదలుపెట్టింది. స్వరూపరాణి గ్లాసు కింద పెట్టి పొయ్యి ముందు కూర్చుంది.

మధ్యాహ్నానికి ఊరంతా సంగప్ప వాకిట్లో ఉంది. కాశమ్మను పిలిపించారు. ఆ మట్టి ఎక్కడిదని స్వరూపరాణి నెమ్మదిగానే అడిగింది.

"వాగుకెల్లి, మేడం" అంది కాశమ్మ.

పన్నెండేళ్ల అలవాటు, నోట్లోంచి దానంతటది జారిపడింది. జారిన మాటను వెంటనే వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. అందుకు కారణం తిరుమల. తిరుమలకు అప్పుడు ఎనిమిదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, ఆ పిల్లకు పుట్టిల్లంటే కాశమ్మ ఇల్లే. వచ్చే గురువారం వెళ్లి తీసుకురావాలని రోజు కూడా చూసుకుంది. మట్టిసంచి ఉండే మూల ఖాళీ చేసి, అలికి, ముగ్గు పెట్టి, బాలింత మంచానికి అదే జాగా అనుకుంది. పాత చీరలతో చిన్న బొంత కుట్టింది. ఆ ఇంట్లో మళ్లీ ఒక పసిబిడ్డ ఏడుపు వినాలి, ఆ బిడ్డ మొదట తన ఒళ్లో పడాలి. ఆమెకు లోకంలో ఇంకో కోరిక లేదు. తానే దిబ్బ మట్టి మోసుకొచ్చి ఇంట్లో పెట్టుకుందని తెలిస్తే, తిరుమల అత్త రుక్కమ్మ పిల్లను పంపుతుందా?

అబద్ధం ఊరికే పోదు. స్వరూపరాణి మనుషులు వాగు మలుపులో పసుపు రిబ్బను కట్టారు. బర్రెలను నీళ్లకు దింపొద్దన్నారు. చాకలివాళ్లను లేపేశారు. మూడు రోజులు ఊరు రెండు మైళ్ల అవతలి నుంచి నీళ్లు మోసుకుంది. వాగులో మిషన్ ఒక్కసారి కూడా మోగలేదు. కాశమ్మ తన వాకిట్లో కూర్చుని ఆ బిందెల వరుస చూస్తూ ఉంది. నాలుగో రోజు పొద్దున తిరుమలకు ఫోన్ చేసి ఎట్లున్నవ్ బిడ్డా అని అడిగితే, ఆ పిల్ల నవ్వుతూ, చలి బాగా ఉంది పెద్దమ్మా, నువ్వు వేసిన పొయ్యి పక్కనే పడుకుంటున్న, వెచ్చగా ఉంటుంది అని చెప్పింది.

కాశమ్మ ఫోన్ కొంగున కట్టుకుని తిన్నగా జీపువాళ్లు మకాం పెట్టిన పంచాయతీ ఆఫీసుకు నడిచింది. స్వరూపరాణి అప్పుడే వచ్చి బీరువా తీస్తోంది.

"వాగు గాదు బిడ్డా. రాళ్ల ఆఫీసు దిబ్బ. ముందుగాల కంగ్టి కాడ నా బిడ్డ ఇల్లు రాస్కో. ఆమె పొయ్యిల అదే మట్టి శాన ఉన్నది. పగల్తదేమోనని జర ఎక్కువ కలిపిన" అంది.

స్వరూపరాణి ఆమెను కసరలేదు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. ఇవాళ రేపట్లో ఎవరికీ ఏమీ కాదని, ఏళ్ల తరబడి పక్కన పడుకుంటేనే మంచిది కాదని చెప్పింది. ఈ పన్నెండేళ్లలో వేసిన పొయ్యిలన్నీ ఎక్కడున్నాయో కావాలంది. కాశమ్మకు అక్షరం రాదు, ఇంటి నంబర్లు తెలియవు, సగం ఊళ్లలో ఇంటిపేర్లు కూడా తెలియవు. కానీ ఏ ఇంట్లో మొదటి రొట్టె ఎలా ఉందో ఒక్కటీ మరిచిపోలేదు. అలా రాసుకోమంది. కల్హేర్ దాటాక వేపచెట్టు ఇల్లు, అంచు మందంగా ఉండి మీద నువ్వులు అద్దిన రొట్టె. దాని వెనక సందులో, కొత్త కోడలి చేతిలోంచి జారి బూడిదలో పడ్డ రొట్టె. ఆ పిల్ల ఏడవబోతే కాశమ్మ దులుపుకుని తిని, బూడిద మంచిదే అంది. ఎల్లిపాయ కారంతో ఒకటి. పుంటికూరతో రెండు, ఒకటి చాలంటే వినకుండా పెట్టిన ఇల్లు. భార్యకు జ్వరమని సంగప్ప స్వయంగా తట్టిన రొట్టె, ఈ చుట్టుపక్కల ఊళ్లలో అంత దిక్కుమాలిన రొట్టె లేదు, అయినా బాగుందన్నా అని చెప్పి వచ్చింది. స్వరూపరాణి నవ్వు ఆపుకుంటూ సర్కారు కాగితం మీద గుర్తులు అనే గడిలో రొట్టెలన్నీ రాసింది. సాయంత్రానికి డెబ్బై మూడు రొట్టెలయ్యాయి. చెబుతున్నంతసేపూ కాశమ్మ ముఖం వెలిగింది. ఆ ఇళ్లన్నింట్లో తన చేతిలో వేడి రొట్టె పెట్టిన మనుషులున్నారు. రేపటి నుంచి వాళ్లలో ఒక్కరూ పిలవరని ఆఖరి రొట్టె దగ్గర గుర్తొచ్చింది.

తర్వాతి పది రోజులు ఆ జీపులో ముందు సీట్లో కూర్చుని ఇల్లిల్లూ చూపించింది. ఒక్క కంగ్టికి మాత్రం ఆమెను తీసుకురావొద్దని, తిరుమలను పురిటికి పంపేది లేదని రుక్కమ్మ ఫోన్‌లో కచ్చితంగా చెప్పింది, అక్కడికి వాళ్లే వెళ్లి పొయ్యి తీసుకొచ్చారు. మిగతా ఇళ్లలో కాశమ్మ వాకిట్లో నిలబడేది. లోపల పొయ్యిని గడ్డపారతో పగలగొట్టేవారు. ఎన్నేళ్ల కాల్పుకో గట్టిపడ్డాయి, అంత తేలిగ్గా పగల్లేదు. పెళ్లలు డ్రమ్ములో వేసి మూత బిగించేవారు. మూడు గుంటలున్న నొసటి పెళ్ల ఎప్పుడూ పైనే కనబడేది, కుంకుమతో సహా. ఏ ఇంటావిడా ఆమెను కూర్చోమనలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు.

ఆఖరి రోజు సాయంత్రం ఆమె సొంత ఇల్లు మిగిలింది. ఊరు ఊరంతా వెంట వచ్చింది. స్వరూపరాణి మిషన్ పొయ్యి మీద పెట్టింది. చప్పుడు లేదు. చుట్టూ తిప్పింది, లోపల పెట్టింది. చప్పుడు లేదు. అది భూమన్న ఉన్నప్పుడు వేసిన పాత నల్లమట్టి పొయ్యి, ఒంటి నిండా బీటలు. కాశమ్మ వారానికోసారి పేడతో పూడుస్తూ నెట్టుకొస్తోంది. మంచి మట్టి మోపుకు రెండు పొయ్యిలే. ఎప్పుడూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉన్నారు. తనకెప్పుడూ మిగల్లేదు.

సంగప్ప గడప దగ్గర నుంచి తొంగి చూసి వెనక్కి తిరిగాడు.

"ఊరందరి పొయ్యిలు మోగినయ్. గీమెది మోగలే. ఎరుకుండే పెట్టింది మనకు" అన్నాడు.

గట్టిగా అరిచి అనలేదు. అందుకే అందరికీ సబబుగా వినిపించింది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కాశమ్మ ఏదో చెప్పబోయింది. వినేవాళ్లు లేరు. ఒకసారి అబద్ధమాడిన మనిషి కదా, ఈసారి నిజం చెప్పినా ఎవరు వింటారు? నాకు సంగప్ప మీద ఉన్నంత కోపం రాళ్ల ఆఫీసు మీద కూడా లేదు. ఆమె చేతి పొయ్యి మీద తొమ్మిదేళ్లు తిన్న మనిషి ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

వాళ్లంతా పోయాక స్వరూపరాణి సామాను సర్దుకుంటూ ఇంట్లో అటూ ఇటూ నడిచింది. అలికి ముగ్గు పెట్టిన మూలకు వెళ్లేసరికి మిషన్ పిచ్చిగా మోగింది. పన్నెండేళ్లు సంచి ఉన్న మూల. ఊళ్లో ఏ పొయ్యీ అంత మోగలేదు. ఆ మూలకు ఆనుకునే కాశమ్మ చాప.

"ఈడనే పండుకుంటవా అవ్వా?" అని అడిగింది స్వరూపరాణి.

కాశమ్మ మూల వైపే చూస్తోంది. బాలింతకు అనుకున్న జాగా అది. తిరుమల మంచం అక్కడే వేసేది, ఉయ్యాల పైదూలానికి అక్కడే కట్టేది. రుక్కమ్మ పంపకపోవడం ఎంత మంచిదైందో అర్థమై, అక్కడే కూలబడింది. స్వరూపరాణి ఆమెను లేపి బయట కూర్చోబెట్టి, చేతులు సబ్బుతో కడిగించి మిషన్ పెట్టి చూపించింది. మోగలేదు. దండెం మీది బొంతకూ పెట్టి చూసింది. అదీ మోగలేదు. ఇది చేతులకు పట్టే రోగం కాదు, కడిగితే పోయే మట్టి అని రెండుసార్లు చెప్పింది. మర్నాడు ఊళ్లో కూడా చెప్పింది, ఆమెకు తెలిసుంటే ఆ సంచి పక్కన పడుకునేదా అని. మేడం ఆమె చేతి చాయ్ తాగి అట్ల మాట్లాడుతుందని నవ్వారు. మూలను తవ్వి కొత్త మొరం పోసి, డ్రమ్ములు ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది. దిబ్బ చుట్టూ కంచె వచ్చింది, బోర్డు వచ్చింది. ఆ బోర్డును ఈసారి అందరూ చదివారు.

తిరుమలకు నారాయణఖేడ్ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. కాశమ్మకు ఆ సంగతి ఐదో రోజున, కూరగాయల బండివాడి ద్వారా తెలిసింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేశారట. పిలుపు రాలేదు. ఫోన్ చేస్తే రుక్కమ్మ ఎత్తి, ఇప్పుడొద్దు, కొన్నాళ్లు పోనీ అంది. ఆ ఫోన్ తర్వాత నలభై రోజులు కాశమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. మట్టి ముట్టుకోలేదు కాబట్టి దానితోనూ మాట్లాడలేదు. నలభై ఒకటో రోజు బూడిదతో, సబ్బుతో, కొబ్బరిపీచుతో చేతులు రుద్దుకుంది. గోళ్ల కింద చర్మం లేచి మంట పెట్టింది. బొంత చంకన పెట్టుకుని షేర్ ఆటో ఎక్కింది. నారాయణఖేడ్‌లో దిగి కంగ్టి బస్సు పట్టుకుంది.

వెళ్లేసరికి తిరుమల వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని పిండి తడుపుతోంది. బిడ్డ పక్కనే చీర ఉయ్యాలలో ఉంది. గడపలో రుక్కమ్మ నిలబడింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. కాశమ్మ వాకిలి గట్టు అవతలే ఆగింది. తిరుమల చిక్కిపోయింది. కళ్ల కింద నలుపు. పెద్దమ్మను చూసి లేవబోయి ఆగిపోయింది. పిండి చేతులతోనే అడిగింది.

"నీ పొయ్యి ఎందుకు మోగలే పెద్దమ్మా?"

"మట్టి మిగల్లే బిడ్డా" అంది కాశమ్మ.

తిరుమల తల వంచుకుని పిండి మెదిపింది. ఆ పాత పొయ్యి బీటలు చిన్నప్పుడు వారం వారం పేడతో పూడ్చింది తానే. మనకెప్పుడు కొత్త పొయ్యి పెడతవ్ అని ఎన్నిసార్లు అడిగిందో, వచ్చే మోపుకు అని ఎన్నిసార్లు జవాబు విందో ఆ పిల్లకే తెలుసు.

"నాకెర్కే" అంది. "నాకు ఎర్కలేదా పెద్దమ్మా."

కాశమ్మ గుండె మీది బండ దిగింది. ఊరు నమ్మకపోయినా ఈ పిల్ల నమ్మింది. కళ్లు తుడుచుకుంటుంటే ఉయ్యాలలో బిడ్డ ఏడ్చింది. కాశమ్మ చేతులు వాటంతటవే గట్టు మీదుగా ముందుకు చాచుకున్నాయి. తిరుమల బిడ్డను ఎత్తుకుంది. రెండడుగులు వేసింది. ఆ చేతుల వైపు, వెడల్పాటి బొటనవేళ్ల వైపు చూసింది. తర్వాత బిడ్డను రెండో భుజం మీదికి మార్చుకుని, వీపు తడుతూ అక్కడే నిలబడిపోయింది. ముఖం పక్కకు తిప్పుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. కాశమ్మ చేతులు వెనక్కి తీసుకుని కొంగు కింద దాచుకుంది. మిషన్ పెట్టి చూసినారు బిడ్డా, మోగలే అని చెప్పవచ్చు. చెప్పలేదు. తల్లి భయానికి మిషన్ జవాబు కాదని ఆమెకు తెలుసు. తొమ్మిదో రోజున తెచ్చుకున్న పిల్లను తానూ అలాగే ఎవరికీ ఇవ్వకుండా ఎత్తుకుని తిరిగింది.

బిడ్డ నిద్రపోయాక తిరుమల కూర్చుని రొట్టె తట్టింది. పెంక మీద వేసి, తిప్పి, నిప్పుల మీద కాల్చింది. బాగా పొంగింది. మొదటి రొట్టె. దాన్ని పట్టుకుని లేచి గట్టు దాకా వచ్చింది. కాశమ్మ అలవాటుగా చెయ్యి చాపింది. తిరుమల చేతిలో పెట్టలేదు, గట్టు మీద పెట్టింది.

కాశమ్మ తీసుకుంది. నిలబడే మొత్తం తిన్నది. బాగుంది బిడ్డా అని చెప్పింది. నిజంగానే బాగుంది. తర్వాత చంకలోని బొంత తీసి, రొట్టె పెట్టిన చోటే గట్టు మీద పెట్టి, నేను పోయొస్త అని వెనుదిరిగింది. బస్సు దగ్గరికి నడిచే దారి తిన్నగా ఉంటుంది, మలుపు దాకా ఆ వాకిలి కనబడుతూనే ఉంటుంది. తిరుమల ఆ బొంత తీసుకుందో, అది గట్టు మీదే ఉందో ఒక్కసారి తిరిగితే తెలిసిపోయేది. కాశమ్మకు భయమేసింది. తిరగకుండానే నడిచింది.